ఎర్రచందనానికి కాపలా, కోతికి బోను... మరి అడవి సంగతి?

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్‌కూ, తిరుమల చుట్టూ పరుచుకున్న శేషాచలం కొండలకూ పైకి చూస్తే ఏ సంబంధమూ లేదు. అడవి నుంచి ఏది బయటకు వెళ్లవచ్చు, ఏది వెళ్లకూడదు అన్న ప్రశ్న వేసుకుంటే మాత్రం ఆ దూరం తగ్గిపోతుంది. సూరత్ ఎంపీగా 1977లో ప్రధాని పదవి చేపట్టిన మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం, 1978 ఏప్రిల్ 1 నుంచి రీసస్ కోతుల ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. ఆ తర్వాత 44 ఏళ్లకు, 2022 మార్చిలో, అదే గుజరాత్ తీరంలోని ముంద్రా రేవులో డీఆర్‌ఐ అధికారులు 11.7 టన్నుల ఎర్రచందనాన్ని పట్టుకున్నారు. కాగితాల మీద ఆ సరుకు సబ్బులు, పౌడర్ల వంటి స్నాన సామగ్రి. గమ్యం షార్జా.

కోతి ఎగుమతి ఆగింది. ఎర్రచందనం ఎగుమతి ఆగలేదు. అలాగని కోతి బాగుపడిందా అంటే, ఈరోజు తెలంగాణ పల్లెల్లో ఎవరిని అడిగినా తల అడ్డంగా ఊపుతారు. ఒక చెట్టునూ ఒక కోతినీ పక్కపక్కన పెట్టి చూడటం వింతగా అనిపించవచ్చు. కానీ మన అటవీ విధానం ఎక్కడ పనిచేస్తోందో, ఎక్కడ చేతులెత్తేస్తోందో ఈ రెండింటినీ కలిపి చూస్తేనే స్పష్టంగా తెలుస్తుంది.

కదలని చెట్టు, కదిలే కోతి

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. పాత కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోని శేషాచలం, వెలికొండ, పాలకొండ, నల్లమల శ్రేణులే దాని ఇల్లు. వాటికి ఆనుకుని తమిళనాడులో కొద్దిగా కనిపిస్తుంది. రాతినేల, తక్కువ వాన, మండే ఎండ దానికి కావాలి. మంచి నేలలో నీళ్లు పెట్టి పెంచితే చెట్టు ఏపుగానే ఎదుగుతుంది. ధర పలికే ఎర్రటి చేవ పట్టడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ కోసమే దుంగలు సముద్రాలు దాటుతున్నాయి. జపాన్‌లో షమిసెన్ వంటి తంత్రీ వాద్యాలకు, చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కు దానికి గిరాకీ ఉంది. మన దగ్గర చంటిపిల్లల చేతికిచ్చే ఎర్రచందనం బొమ్మ, నూరి పూసే పట్టు ఈ గిరాకీ ముందు లెక్కలోకి రావు.

ఇక కోతి. మనం 'కోతి' అని ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు వేర్వేరు జాతులు. ఒకటి దక్షిణాదికి మాత్రమే చెందిన బోనెట్ మకాక్. తోక పొడవు, నెత్తిన టోపీ పెట్టినట్టు పాయలు తీసిన జుట్టు దాని గుర్తులు. రెండోది ఉత్తరాది రీసస్. తోక పొట్టి, వెనుక భాగం ఎర్రగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య సరిహద్దు పడమట తపతి, తూర్పున గోదావరి అని పరిశోధకులు చాలాకాలం చెబుతూ వచ్చారు. అంటే ఆ గీతకు ఒక కొస సూరత్ దగ్గర సముద్రంలో కలిస్తే, రెండో కొస మన గోదావరి వెంట సాగుతుంది. ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. రీసస్ గోదావరి దాటి దక్షిణానికి వస్తోంది. అది వచ్చిన చోట బోనెట్ కోతి వెనక్కి తగ్గుతోందని 2011లో భారతీయ ప్రైమేట్ పరిశోధకులు హెచ్చరించారు.

ఎర్రచందనానికీ కోతికీ మధ్య నేరుగా ఇచ్చిపుచ్చుకునేది పెద్దగా లేదు. ఎర్రచందనం కాయ పలచటి రెక్కతో ఉంటుంది, దాన్ని గాలి మోస్తుంది. కోతి మోసేది నేరేడు, మేడి, తునికి వంటి పండ్ల గింజలను. బుగ్గ సంచుల్లో నింపుకుని దూరంగా వెళ్లి ఉమ్మేస్తుంది. కానీ ఇవన్నీ ఒకే ఎండు అడవిలో కలిసి బతికే చెట్లు. అందులో ఎర్రచందనాన్ని ఒకరు నరికితే, మిగతా వాటిని కార్చిచ్చులు, పశువుల మేత, రోడ్లు, నీలగిరి తోటలు తగ్గించుకుంటూ వచ్చాయి. చెట్టు నిలబడిన చోటే నేరానికి బలైంది. కోతి లేచి ఊళ్లోకి వచ్చింది.

ఎగుమతి ఎందుకు ఆగింది, ఎందుకు ఆగలేదు

1950ల చివర్లో భారత్ నుంచి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు విదేశాలకు వెళ్లేవి. పోలియో టీకా తయారీకి, పరీక్షలకు వాటి అవసరం ఉండేది. 1955లో ఒకసారి ఎగుమతి ఆపి, వైద్య పరిశోధనకూ టీకాలకూ మాత్రమే వాడాలన్న షరతుతో మళ్లీ అనుమతించారు. కాలక్రమంలో కోటా తగ్గుతూ 1970ల మధ్యకు ఏడాదికి 20 వేలకు వచ్చింది. అప్పుడే అమెరికా సైనిక ప్రయోగశాలల్లో ఈ కోతులను న్యూట్రాన్ బాంబుకు సంబంధించిన రేడియేషన్ పరీక్షలకు వాడుతున్నారన్న సంగతి బయటపడింది. ఇంటర్నేషనల్ ప్రైమేట్ ప్రొటెక్షన్ లీగ్ వ్యవస్థాపకురాలు షర్లీ మెక్‌గ్రీల్ ఆ వివరాలను మొరార్జీకి చేరవేశారు. షరతు ఉల్లంఘించారు కాబట్టి తలుపు మూసేశారు.

ఆ నిషేధం నిలబడింది. దానికి కారణాలున్నాయి. కొనేవాళ్లు ప్రభుత్వ సంస్థలు, మందుల కంపెనీలు. వాళ్లకు కాగితాలు కావాలి. ప్రాణమున్న కోతిని కంటెయినర్‌లో దాచి పంపడం కుదరదు. పైగా కొనుగోలుదారులు సొంతంగా కోతులను పెంచుకోవడం, ఇతర దేశాల నుంచి వేరే జాతులను తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అంటే నిషేధంతోపాటు గిరాకీ కూడా దారి మార్చుకుంది.

ఎర్రచందనం విషయంలో ఈ మూడూ తలకిందులుగా ఉన్నాయి. అంతిమంగా కొనేవాడు అజ్ఞాతంలో ఉంటాడు. దుంగకు ఊపిరి అక్కర్లేదు, ఎన్ని నెలలైనా గోదాములో పడి ఉంటుంది. దానికి బదులుగా నిలిచే మరో కలపను మార్కెట్ ఇంకా ఒప్పుకోలేదు. 1995లోనే ఎర్రచందనాన్ని సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. 2004 నుంచి భారత్ ఈ కలప వ్యాపారం విషయంలో ఆ ఒప్పందం కింద ప్రత్యేక సమీక్షలో ఉంది. 2016లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. టాస్క్‌ఫోర్స్‌లు పెట్టారు. అయినా దుంగలు కొండ దిగుతూనే ఉన్నాయి. కొండ మీద రోజు కూలికి గొడ్డలి పట్టేవాడికి, రేవులో కంటెయినర్ ఎక్కించేవాడికి, విదేశంలో డబ్బు చెల్లించేవాడికి మధ్య ఎన్నో చేతులుంటాయి. చట్టం ఎక్కువగా పట్టుకునేది మొదటివాడినే.

దాని ఫలితం ఎంత దారుణంగా ఉండగలదో 2015 ఏప్రిల్ 7న చూశాం. శేషాచలం అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలే. కొండ ప్రాంతాల్లో పని దొరకని కుటుంబాల వాళ్లు వారిలో ఎక్కువ. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు, బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు వాదించాయి. ఆ వాదన ఎటు తేలినా ఒకటి మాత్రం నిజం. ఆ రోజు అడవిలో చనిపోయిన వాళ్లలో ఎర్రచందనంతో కోట్లు గడించినవాడు ఒక్కడూ లేడు.

చట్టం చూపు ఎవరి మీద

అంతర్జాతీయ పట్టికలో ఎర్రచందనం, రీసస్, బోనెట్ మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. మూడూ సైటిస్ రెండో అనుబంధంలోనివే. మన దేశ చట్టానికి వచ్చేసరికి దారులు చీలిపోతాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రెండు కోతి జాతులకూ రక్షణ ఉండేది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక బోనెట్ కోతి అత్యున్నత రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లోకి వెళ్లింది. రీసస్‌ను షెడ్యూళ్ల నుంచి తొలగించారు. తిరిగి చేర్చాలన్న వాదన కూడా గట్టిగానే వినిపిస్తోంది. కాగితం మీద చూస్తే ఈ విభజనకు అర్థముంది. బోనెట్ కోతిని ఐయూసీఎన్ ఇప్పుడు 'ప్రమాదపుటంచున ఉన్న' జాతిగా గుర్తిస్తోంది. రీసస్‌కు ఆ ముప్పు లేదు. చిక్కల్లా గ్రామంలోనే. పంచాయతీ కార్యదర్శికి గానీ, కోతులను పట్టడానికి వచ్చే ముఠాకు గానీ రెండింటి మధ్య తేడా ఎవరు చెబుతారు? రీసస్ వన్యప్రాణి కాకుండా పోవడంతో దాని బాధ్యత అటవీ శాఖ నుంచి జారి పంచాయతీలు, మునిసిపాలిటీల మీద పడింది. వాటి దగ్గర పశువైద్యుడు లేడు, బోను లేదు, బడ్జెట్ అంతకన్నా లేదు. మిగిలింది ఒకటే ఉపాయం: పట్టి, వ్యానెక్కించి, దూరంగా ఏదో ఒక అడవి అంచున వదిలేయడం.

ఈ ఉపాయమే అన్నిటికన్నా ప్రమాదకరం. ఊరి తిండికి అలవాటు పడిన మంద అడవిలో ఉండదు, పక్క ఊరికి చేరుతుంది. మన ఊరి సమస్య పొరుగూరి సమస్య అవుతుంది. అంతకు మించి, పట్టణంలో పట్టిన రీసస్ గుంపును నల్లమల అంచునో, శేషాచలం దారిలోనో దించితే, నది దాటడానికి తరాలు పట్టే జాతిని మనమే ఒక రాత్రిలో దాటించినట్టు. బోనెట్ కోతి చివరి ఆశ్రయంలోకి దాని పోటీదారుణ్ని ప్రభుత్వ ఖర్చుతో పంపిస్తున్నాం.

ఎక్కువగా కనిపిస్తే ఎక్కువగా ఉన్నట్టేనా?

ఎర్రచందనం అరుదు అని అందరికీ తెలుసు, ఎందుకంటే దానికి ధర ఉంది. కోతి అరుదు కావచ్చు అంటే నవ్వుతారు, ఎందుకంటే అది పెరట్లో ఉంది. కానీ మైసూరు ప్రాంతంలో పాతికేళ్ల లెక్కలను పోల్చిన ఒక అధ్యయనం, బోనెట్ కోతుల సంఖ్య 65 శాతానికి పైగా పడిపోయిందని 2017లో తేల్చింది. రోడ్ల విస్తరణలో మర్రి, రావి, మేడి వంటి సాలు చెట్లు పోవడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. మన రెండు రాష్ట్రాల్లోనూ పాత రహదారుల వెంట చింతలు, మర్రులు ఎలా పోయాయో చెప్పక్కర్లేదు. ఒక జాతి తగ్గిపోతూ కూడా ఊళ్లో మునుపటి కన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అడవిలోనూ రోడ్డు పక్కనా చెదిరి ఉన్నవి మన ఇళ్ల మీదకు చేరితే కంటికి పెరిగినట్టే ఉంటుంది.

పట్టికలను నమ్మడంలోనూ జాగ్రత్త అవసరం. ఎర్రచందనాన్ని ఐయూసీఎన్ 1990ల చివర్లో అంతరించే ముప్పున్న చెట్టుగా పేర్కొంది. 2018లో ఆ స్థాయిని తగ్గించింది. కొన్నేళ్లకే మళ్లీ పాత స్థాయికి తెచ్చింది. అడవిలో చెట్టు మారలేదు, మన అంచనాయే మారింది. బోనెట్ కోతి విషయంలోనూ అంతే. అది 'ఆందోళన అక్కర్లేని' జాబితాలో ఉన్న ఏళ్లలోనే మైసూరులో మాయమవుతూ వచ్చింది.

లాభం చెట్టుది, నష్టం రైతుది

చెట్టుకు ధర ఉండటం వల్ల ఒక మేలు కూడా జరిగింది. పట్టాభూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో కేంద్రం దారి తెరిచింది. 2023 నవంబరులో సైటిస్ స్థాయీ సంఘం భారత్‌ను ఆ ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించింది. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు, ఒక విద్యాసంస్థకు కలిపి సుమారు 3 కోట్ల రూపాయలు ప్రయోజనాల వాటాగా విడుదల చేసింది. మొత్తం చిన్నదే. అయినా, చెట్టును కాపాడినవాడికి డబ్బు రావాలన్న సూత్రం చట్టంలోంచి బ్యాంకు ఖాతాకు చేరింది. ఇక్కడ మరో ప్రమాదం పొంచి ఉంది. పొలంలో పెరిగిన దుంగకూ అడవిలో నరికిన దుంగకూ తేడా పట్టే వ్యవస్థ లేకపోతే, రైతు పేరిట వచ్చే అనుమతే దొంగ సరుకుకు ముసుగవుతుంది.

కోతి వైపు లెక్క చూడండి. వేరుశనగ, మొక్కజొన్న, కూరగాయలు వేయడం మానేసి పత్తికో వరికో మారిన రైతులు తెలంగాణలో ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. పెంకుటిళ్ల మీద పెంకులు నిలవడం లేదు. పిల్లల చేతిలో సంచి నిలవడం లేదు. పెరట్లో జామచెట్టు పెట్టుకోవడమే తప్పయిపోయింది. కొండముచ్చును తెచ్చి కట్టేస్తే కోతులు పారిపోతాయని కొన్ని ఊళ్లు డబ్బు పోగేసి తెచ్చుకుంటున్నాయి. కొండముచ్చు కూడా రక్షిత జంతువే, దాన్ని పట్టి కట్టేయడం నేరం. అంటే అడవి నుంచి వచ్చిన నష్టాన్ని రైతు తన పొలంతో భరిస్తున్నాడు, తప్పించుకోబోతే చట్టం ముందు దోషి అవుతున్నాడు. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి పంటల బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులన్నది రాష్ట్రాలే ప్రకటించాలి. ఆ జాబితాలో కోతి పేరు లేకపోతే తెలుగు రైతుకు ఆ పథకం సగం పనికిరానట్టే.

తెలంగాణ ప్రభుత్వం 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు తిరిగి పోవాలి అన్నదే జనం నోట నానిన నినాదం. అందులో సగం సత్యం ఉంది. కోతి తిరిగి వెళ్లాలంటే అక్కడ తిండి ఉండాలి. కోతుల కోసం పండ్ల మొక్కలు నాటే ఆలోచనా చేశారు. కానీ నాటిన మొక్కల లెక్క ప్రకటించినంత గట్టిగా బతికిన పండ్ల చెట్ల లెక్క ఎవరూ ప్రకటించలేదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. అక్కడ సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేస్తారు. మంచి అడుగే. కానీ రాష్ట్రమంతటికీ ఒక కేంద్రం ఏ మూలకు?

హిమాచల్ ప్రదేశ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఆ రాష్ట్రం 2006 నుంచి లక్షన్నరకు పైగా కోతులకు శస్త్రచికిత్సలు చేయించింది. అక్కడి లెక్కల ప్రకారం 2004లో 3.17 లక్షలున్న కోతులు 2020 నాటికి 1.36 లక్షలకు తగ్గాయి. 2016లో సిమ్లాలో రీసస్‌ను హానికర జంతువుగా ప్రకటించి చంపడానికి అనుమతి కూడా ఇచ్చారు. కానీ చంపడానికి ముందుకొచ్చినవాళ్లు దాదాపు లేరు. హనుమంతుణ్ని మొక్కే దేశంలో అది ఊహించగలిగిందే. పదిహేనేళ్లు విడవకుండా చేసిన ఆపరేషన్లు చేయగలిగింది, ఒక్క ఉత్తర్వు చేయలేకపోయింది. అక్కడి రైతుల ఫిర్యాదులు అప్పటికీ పూర్తిగా ఆగలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తలుపు మూయడం వేరు, ఇల్లు నడపడం వేరు

1978 నిషేధం కోతిని విదేశీ ప్రయోగశాల నుంచి కాపాడింది. దాని అడవిని కాపాడే పని ఆ ఉత్తర్వుది కాదు, ఆ పని తర్వాత ఎవరూ చేయలేదు. ఎర్రచందనం మీద ఆంక్షలూ అంతే. దుంగను పట్టుకోవడమే విజయమైంది, చెట్టు మొలవడం ఎవరి లెక్కలోనూ లేదు. పట్టుబడిన దుంగల్లో ఎనిమిది వేల టన్నులకు పైగా అమ్ముకోవడానికి ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం అనుమతిచ్చింది. పట్టుకున్న ప్రతి దుంగా నరికేసిన ఒక చెట్టే కదా. గోదాము నిండటం అడవి ఖాళీ కావడానికి కొలమానం, దాన్ని మనం ఆదాయంగా రాసుకుంటున్నాం.

ఏం చేయవచ్చు? ముందుగా రెండు కోతి జాతులనూ విడివిడిగా, మండలాల వారీగా లెక్కించాలి. అప్పటిదాకా గోదావరికి దక్షిణాన రీసస్‌ను పట్టి అడవుల్లో వదలడం ఆపాలి. శస్త్రచికిత్స కేంద్రం ఉమ్మడి జిల్లాకు ఒకటైనా ఉండాలి, ఖర్చు పంచాయతీల నెత్తిన కాకుండా రాష్ట్రం భరించాలి. చెత్తకుప్పలు, గుళ్ల దగ్గర, ఘాట్ రోడ్ల మీద తిండి పెట్టడం ఆగకుండా ఏ ఆపరేషనూ ఫలితమివ్వదు. కొత్త రహదారుల పక్కన అలంకార మొక్కలకు బదులు మేడి, నేరేడు, చింత నాటాలని టెండర్ షరతుల్లోనే రాయాలి. పొలాల్లోని ప్రతి ఎర్రచందనం చెట్టుకూ అడవి అంచు నుంచి రేవు దాకా చెరగని గుర్తింపు ఉండాలి. వేలం డబ్బులో నిర్దిష్టమైన వాటా శేషాచలం, నల్లమల అంచు గ్రామాల వన సంరక్షణ సమితులకు చేరాలి. గొడ్డలి పట్టడానికి వచ్చే కొండ కూలీకి ఆ కొండ మీదే వేరే పని దొరికేలా తమిళనాడుతో కలిసి ప్రణాళిక వేయాలి. తుపాకీ కన్నా అది చవక.

వీటిలో ఏదీ కొత్త ఆలోచన కాదు. కొత్తగా కావాల్సింది రెంటినీ కలిపి చూసే చూపు. ఇప్పుడు ఎర్రచందనానికి ఒక విభాగం, కోతికి మరొకటి, రోడ్డుకు ఇంకొకటి. ఎవరి ఫైలు వాళ్లది. శేషాచలంలో ఈరోజు మొలిచిన ఎర్రచందనం మొక్క చేవ పట్టేసరికి ఇప్పటి బడిపిల్లలు నడివయసుకు వస్తారు. ఆ కొండ దారిలో అప్పటికి పొడవు తోక కోతి ఉంటుందా, పొట్టి తోకది మాత్రమే మిగులుతుందా అన్నది మన పంచాయతీలు ఈ ఏడాది వ్యాన్లను ఎటు పంపుతాయన్న దానిమీద ఆధారపడి ఉంది.